పోరంకి వైపు పాలు, నెయ్యి లేని తిండి ఎక్కడ దొరుకుతుంది?

కొత్తగా_పోరంకి:
అందరికీ నమస్తే. ఉద్యోగం మారి జూన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చాను, విజయవాడ పక్కన పోరంకిలో ఇంకో అమ్మాయితో కలిసి అద్దెకి ఉంటున్నాను. ఏడాదిన్నరగా వీగన్‌ని, అంటే మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా తినను. ఎందుకని మాత్రం అడక్కండి, ఆ గొడవ ఇంట్లో అమ్మతోనే ఇంకా తెగలేదు. ఇక్కడ యాప్‌లో వీగన్ అని కొడితే బెంజి సర్కిల్ అవతల నుంచి సలాడ్ ఒకటి చూపిస్తుంది, అది బందరు రోడ్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఆకులు వడిలిపోతాయి. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి కూర వండే ఓపిక ఉండదు, రైస్ కుక్కర్‌లో అన్నం పడేసి కర్రీ పాయింట్‌కి పరిగెత్తడమే.

మొన్న ఏమైందంటే, మా వీధి చివర కర్రీ పాయింట్‌లో సొరకాయ కూర తెల్లగా లేతగా కనిపించింది. "నెయ్యి వేశారా అండీ" అన్నాను. "లేదమ్మా, నూనే, ప్యూర్ వెజ్" అన్నాడు. ఇంటికొచ్చి కవరు ముడి విప్పగానే గుప్పున పాల వాసన. మర్నాడు వెళ్లి అడిగితే "నెయ్యి అడిగారు గానీ పాలు అడగలేదు కదమ్మా" అన్నాడు, అదీ నిజమే, నేను అడగలేదు. మా ఇంట్లో సొరకాయలో పాలు పోసే అలవాటు లేదు, నాకేం తెలుసు?

కానూరు నుంచి కంకిపాడు దాకా రోజూ తినగలిగేవి ఏమున్నాయో చెప్పండి. ఇంకా ఎక్కడెక్కడ పాలు దాక్కుని ఉంటాయో కూడా.

కానూరు_బ్యాచిలర్:
ముందు వీగన్ అన్న మాట మానేయండి. అది చెవిన పడగానే వాళ్లకి అర్థమయ్యేది వెజ్, ప్యూర్ వెజ్ అంటే మనకి నెయ్యి ఇంకాస్త ఎక్కువ వేసిన వెజ్. "పాలు, పెరుగు, నెయ్యి, మీగడ ఏవీ పడవు, డాక్టర్ వద్దన్నాడు" అని చెప్పండి. మనవాళ్లు సిద్ధాంతంతో గంట వాదిస్తారు గానీ డాక్టర్ మాట కాదనరు. నాకు నిజంగానే పాలు పడవు కాబట్టి నాలుగేళ్లుగా ఇదే పాట. ఒకసారి మాత్రం "అయితే పాలకూర పప్పు కూడా వద్దా?" అని సీరియస్‌గా అడిగారు.

కర్రీ పాయింట్‌లో అనుమానించాల్సినవి సొరకాయ, బీరకాయ, పొట్లకాయ. కూర తెల్లగా ఉంటే పాలు పోశారనే లెక్క. ఉలవచారు వాసనకి పడిపోకండి, హోటల్లో పైన మీగడ వేసి ఇస్తారు. కుర్మాలో పెరుగు ఉంటుంది. గుత్తి వంకాయ, బెండకాయ పులుసు, దొండకాయ వేపుడు, గోంగూర, కంద బచ్చలి... వీటితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పప్పు విషయంలో మాత్రం తాలింపు దేంతో పెట్టారో అడగండి, చాలాచోట్ల నూనే.

రాత్రికి నా ఓటు జొన్నరొట్టెల బండికి. సాయంత్రం ఏడు దాటాక రోడ్డు పక్కన ఆడవాళ్లు వేడినీళ్లు పోసి పిండి పిసికి, చేత్తోనే చరిచి పెనం మీద వేస్తుంటారు, ఉన్నదల్లా జొన్నపిండి, నీళ్లు, ఉప్పు. దాంతో పల్లీ పచ్చడో పప్పో ఇస్తారు. అదే బండి మీద పుల్కా తీసుకుంటే మాత్రం నెయ్యి రాయొద్దని ముందే చెప్పాలి, కాల్చగానే చెయ్యి అలవాటుగా అటే పోతుంది.

పెనం_మీద_జీవితం:
పెనమలూరులో టిఫిన్ బండి నాది, లోపలి సంగతి నేను చెప్తా. ఇడ్లీ, పెసరట్టు, గారె, పూరీ, పునుగులు, మిరపకాయ బజ్జీ, ఇవి మామూలుగా ఏ బండిలోనైనా పాలు తగలనివే. అల్లం పచ్చడిలో ఉండేది అల్లం, బెల్లం, చింతపండు, మిరపకాయలే. మా పునుగులు మిగిలిన దోశ పిండితో వేస్తాం, కొందరు మైదా పెరుగు కలుపుతారు, అది అడిగి తెలుసుకోవాలి.

మైసూరు బజ్జీ అసలొద్దు. పుల్ల పెరుగు లేకపోతే దానికి ఆ సాగుడు, ఆ గుల్లదనం రావు. రవ్వ దోశలో మజ్జిగ, సెట్ దోశలో చాలామంది మజ్జిగే. పొంగలి గురించి చెప్పనక్కర్లేదు. పెసరట్టు ఓకే గానీ దాని కడుపులో పెట్టే ఉప్మాకి రవ్వ నెయ్యితో వేయించే వాళ్లుంటారు, ఉప్మా లేకుండా ఒట్టి పెసరట్టు అడగండి. సాంబారు ఇడ్లీ మీద చివర్లో ఒక చెంచా నెయ్యి పడుతుంది, కారప్పొడి అడిగితే దాని మీదా పడుతుంది. ఇది మీరు ఇడ్లీ చెప్పేటప్పుడే అనాలి, ప్లేటు చేతికొచ్చాక "అయ్యో నెయ్యా" అంటే ఆ ప్లేటు నేనేం చేసుకోను తల్లీ.

ఇంకో మాట, చవక దోశ మీద ఘుమఘుమలాడేది అన్నిసార్లూ నెయ్యి కాదు, డాల్డా కావచ్చు. అది నూనెలోంచి చేసేదే కాబట్టి మీ లెక్కకి సరిపోతుందేమో, మీ గుండెకి సరిపోదు. రాగి జావ బండి దగ్గర మజ్జిగ కలపకముందే చెప్పాలి, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తాడు, బాగుంటుంది.

గాంధీనగర్ వెళ్తే మీ ఫ్రెండ్స్ బాబాయ్ హోటల్‌కి లాక్కెళ్తారు. అక్కడ ఇడ్లీకి పేరొచ్చిందే వెన్నతో, మీరు ఒట్టి ఇడ్లీ అంటే పక్క టేబుల్ వాళ్లు జాలిగా చూస్తారు, పట్టించుకోకండి.

గడ్డపెరుగు:
ఏమీ అనుకోకండి, ఆఖర్న పెరుగు ముద్ద లేని భోజనం భోజనమేనా? ఆవకాయ, పెరుగన్నం మానేసి ఈ డెల్టాలో ఎండాకాలం ఎట్లా గడుపుతారో చూస్తాను. చెప్పాలనిపించింది చెప్పా.
సరే, ఆదివారం ఖాళీ అయితే వారధి దాటి మంగళగిరి కొండెక్కండి. పానకాలస్వామి దగ్గర బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం ఇస్తారు, స్వామి సగమే తాగి మిగతాది భక్తుడికి వదిలేస్తాడని నమ్మకం. అందులో మీరు వద్దన్నది ఒక్కటీ లేదు.

గుంటూరు_పిన్ని:
పైన పెరుగు గురించి బెంగపడిన బాబుకి, అడిగిన అమ్మాయికి కలిపి చెప్తున్నా. మా కోడలు కూడా ఇదే పద్ధతి, మొదట్లో విసుక్కున్నా, ఇప్పుడు నేనే తోడేస్తున్నా. గ్లాసుడు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి మెత్తగా రుబ్బి, మూడు గ్లాసుల నీళ్లు పోసి పలచని గుడ్డలో పిండాలి. ఆ పాలు సన్న మంట మీద కలుపుతూనే కాచాలి, వదిలేస్తే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టండి. మిరపకాయ కాదు, తొడిమే. రాత్రికి తోడేస్తే పొద్దున్నకి తోడుకుంటుంది. మొదటిసారి వదులుగా, కొంచెం వగరుగా వస్తుంది, దాన్నే ఒక చెంచా తీసి రెండోసారి తోడు వేస్తే గట్టిగా వస్తుంది. ఒట్టిగా తింటే పల్లీ వాసన తెలుస్తుంది, అబద్ధం చెప్పను. ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి అన్నంలో కలిపితే మా ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు, అది పల్లీలదని తిన్నాకే చెప్పాం.

పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకు, పాలపొడి ఉన్నా ఆ చుక్కే వేస్తారు. వీగన్‌కి వేరే గుర్తు ఉంది, ఆకుపచ్చ రంగులో ఇంగ్లిషు 'వి' అక్షరం, పైన చిన్న ఆకు, 2022లో నిబంధనలు వచ్చాయి. అది కనపడకపోతే వెనకాల సన్న అక్షరాల్లో మిల్క్ సాలిడ్స్ ఉందేమో వెతుక్కోవడమే, గ్లూకోజ్ బిస్కెట్లలో కూడా ఉంటుంది. తీపి తినాలనిపిస్తే పల్లీపట్టీ, నువ్వుండలు, కొబ్బరి లౌజు చూడు, నెయ్యి రాశారా అని అడిగి కొను. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు ఎలాగూ ఉంటాయి. బి12 పరీక్ష చేయించుకుని డాక్టర్ని అడిగి మాత్ర వేసుకో అమ్మా, అది కూరగాయల్లో దొరికేది కాదు, మా కోడలు ఒక ఏడాది అశ్రద్ధ చేసి కాళ్లు తిమ్మిర్లని ఏడ్చింది.

కొత్తగా_పోరంకి:
పిన్నిగారూ, తొడిమలు వేసి పెట్టాను, పొద్దున మూత తీస్తే పైన నీళ్లు, కింద పెరుగులాంటిది. రెండో విడత రేపు.
జొన్నరొట్టెల బండి మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉందట, నాలుగు నెలలుగా దాని ముందు నుంచే వెళ్తున్నాను. ఆవిడతో డాక్టర్ కథ చెప్పాను, "పాపం చిన్నపిల్లవి" అని ఇంకో రొట్టె వేసింది, ఇప్పుడు నిజం ఎలా చెప్పాలో తెలియట్లేదు.
పెనమలూరు అన్నా, మీ బండి ఎక్కడో చెప్పండి, ఒట్టి పెసరట్టుకి వస్తా.

పెనం_మీద_జీవితం:
మెసేజ్ పెట్టా చూడండి. తొమ్మిదిన్నర లోపు రండి, తర్వాత అల్లం పచ్చడి మిగలదు.