సోడియం బెంజోయేట్ (211): మోతాదు దాటకపోతే చాలా?

సిరిమల్లె: కూల్‌డ్రింకు సీసా మీద చిన్న అక్షరాల్లో "ప్రిజర్వేటివ్ 211" అని ఉంటుంది. అదే సోడియం బెంజోయేట్. అది తాగిన రెండుసార్లూ మా బాబుకి ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరుగారు మానేయమన్నారు. పిల్లలు తాగేవాటిలో దీన్ని ఎందుకు వెయ్యనివ్వాలి? నిషేధించాలి.

తులాభారం: సిరిమల్లె గారూ, ముందు లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2021లో రోజుకి కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదంది. అంతకుముందు 5 ఉండేది. లీటరుకి 150 మిల్లీగ్రాములున్న పానీయం 20 కిలోల పిల్లాడు రెండున్నర లీటర్లు తాగినా ఆ హద్దు దాటడు. ఒంట్లో హిప్పూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది.

సిరిమల్లె: నేను దద్దుర్లంటే మీరు లీటర్లంటారేం?

నిమ్మచెట్టు: విటమిన్ సితో కలిస్తే బెంజీన్ పుడుతుంది. అది క్యాన్సర్ కారకం.

తులాభారం: వేడి, వెలుతురు తగిలితే పుట్టొచ్చు, నిజమే. 2005 తర్వాత అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల్లో కొన్ని పానీయాల్లో బెంజీన్ 5 పీపీబీ (వందకోట్ల పాళ్లలో 5) హద్దు దాటింది. కంపెనీలు ఫార్ములా మార్చాయి. నియంత్రణ పనిచేసినట్టే కదా!

నిమ్మచెట్టు: 1990లోనే ఎఫ్‌డీఏకి తెలుసు. పదిహేనేళ్లకి మళ్లీ ఎలా దొరికింది?

అటుకులు: ఇంట్లో నిమ్మరసం పిండుకుంటే గొడవే లేదు.

తులాభారం: బూజు, ఈస్ట్ పెరగకుండా ఆపేది ఇదేనండీ. పదేళ్లు ఫుడ్ ల్యాబ్‌లో పనిచేశాను. కెమికల్ అనగానే సొంత బంధువులే నన్ను విషం కలిపేవాడిలా చూస్తారు. ఒక్క పిల్లాడి దద్దుర్లు చూపించి అందరికీ నిషేధమా?

సిరిమల్లె: ఆ ఒక్క పిల్లాడు నా కొడుకు! ఏది పడట్లేదో తెలియక మూడు నెలలు పాలు, గుడ్లు, అన్నీ మాన్పించాను. వాడు చిక్కిపోయాడు. నిషేధమన్నది కోపంలో అన్నమాట, పోనివ్వండి. 211 అంటే ఏమిటో తెలిసుంటే మొదటివారమే ఆపేదాన్ని. పేరు రాయడానికేం?

తులాభారం: కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం పేరైనా, నంబరైనా సరేనంటుంది. పేరు చూస్తే జనం ఊరికే భయపడతారు.

నిమ్మచెట్టు: అంటే తెలియకుండా తాగించడమే మేలంటారా?

తులాభారం: అలా అనలేదు. భయపడి మానేస్తే కంపెనీలు ఇంతగా పరీక్షించని ఇంకోటి వేస్తాయి, అదీ నా టెన్షన్.

సిరిమల్లె: వెయ్యనివ్వండి. దాని పేరూ రాయమనండి. నా బిడ్డకి ఏది పొయ్యాలో నేను చూసుకుంటాను.