సెల్యులార్ జైలుకు పిల్లల్ని తీసుకపోవాల్నా, వద్దా?

మూసీ ఒడ్డు (నల్లగొండ):
దసరా సెలవులకు మా అన్నదమ్ముల కుటుంబాలు అండమాన్ పోతున్నయి. నా బిడ్డ నాలుగో తరగతి, అన్న కొడుకు ఏడు. తెల్లోళ్లు స్వాతంత్య్రం కోసం కొట్లాడినోళ్లను బంధించిన అక్కడి సెల్యులార్ జైలు తప్పకుండ చూపియ్యాలని నేనంటున్న. వదిన వద్దే వద్దంటుంది. "సముద్రం చూసి సంబురపడే పిల్లలకు ఉరికొయ్యలు చూపిస్తవా మర్దీ" అంటది. ఇంట్ల పెద్ద పంచాయితీ నడుస్తుంది. మీరేమంటరు?

హుజూర్‌నగర్ అక్క:
మీ వదిన మాటే నా మాట తమ్ముడూ. కొరడాతోటి కొట్టనీకి ఖైదీని కట్టేసిన బొమ్మ అక్కడ ఉంటది. మా చిన్నోడు దాని ముందు బిగుసుకపోయిండు, ఆ రాత్రి బువ్వ తినలే. ఉరిగదిల ఒకటే దూలానికి మూడు తాళ్లు. అంత చిన్న పిల్లకు ఆ తాడే కనపడ్తది, దాని ఎనకున్న పోరాటం ఏం తెలుస్తది?

దేవరకొండ సార్:
ఉరితాడు దగ్గరికే తోల్కపోతే మీరన్నట్టే అయితదమ్మా. నేను పిల్లలకు సోషల్ చెప్తా. నేనైతే ముందు తలుపు గడియ చూపిస్త. గది గొళ్లెం పొడుగ్గ పోయి పక్క గోడల ఉన్న గూట్లె పడ్తది. లోపలోడు ఊచల్లకెళ్లి చెయ్యి ఎంత చాపినా అందది. గది పదమూడున్నర అడుగుల పొడుగు, ఏడున్నర వెడల్పు. జైలు గదుల వరుసలను రెక్కలంటరు, ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వీపుకే చూస్తది, మనిషికి మనిషి మొఖం కనపడొద్దని. 1896 నుంచి 1906 దాక కట్టింది ఈ ఒంటరితనం కోసమే. పక్కోనితో మాట్లాడనియ్యకుంటే ఎట్లుంటదో నాలుగో తరగతి పిల్లకు మనకంటె బాగ తెలుసు.

మనోళ్ల సంగతి కూడ చెప్పు తమ్మీ. 1857 జులై 17న హైదరాబాద్ కోఠీల తెల్లదొర ఉండే రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి పోయిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపిండ్రు. అక్కడే కన్నుమూసిండు. అల్లూరితోటి నడిచిన గాం మల్లుదొర ఆ శిక్ష అనుభవించొచ్చి 1952ల లోక్‌సభకు గెలిచిండు.

మూసీ ఒడ్డు:
మౌల్వీ సాబ్ కాలానికి జైలే లేదు కద సార్?

పాలమూరు బిడ్డ:
జైలు లేదన్నా, దీవే జైలు. 1858 మార్చిల వాకర్ అనే దొర రెండొందల మంది ఖైదీలతోటి దిగిండు. అడవి నరికింది, తర్వాత ఈ జైలు కట్టింది కూడ ఖైదీలే. రాజకీయ ఖైదీల పేర్లు పాలరాతి మీద రాష్ట్రాలవారీగ చెక్కిండ్రు, మంచి పని. మరి దొంగతనం కేసులల్ల పోయి, ఆ అడవిల జ్వరాలకు సచ్చిపోయినోళ్ల పేర్లేవి? మా జిల్లా మనుషులు దేశమంత తిరిగి ప్రాజెక్టుల కట్టలు పోసిండ్రు. ఏ శిలాఫలకం మీద వాళ్ల పేరుంది? అందుకే ఈ మాట నాకు గట్టిగ తాకుతది.

ఆ నేల అండమానీ తెగలది. 1859 మే 17న విల్లంబులతోటి పోర్ట్ బ్లెయిర్‌ల అబెర్డీన్ దగ్గర తెల్లోళ్ల మీదికొచ్చిండ్రు. దాని గుర్తుగ సముద్రం ఒడ్డున స్తూపముంది. పిల్లల్ని అక్కడ కూడ ఆపు.

హుజూర్‌నగర్ అక్క:
హత్య చేసినోన్ని, దేశం కోసం పోయినోన్ని ఒకటే రాయి మీద రాయమంటవా? విప్లవకారుడు మహావీర్ సింగ్ ఆ జైల్లనే 1933 నిరాహారదీక్షల సచ్చిపోయిండు. బలవంతంగ పాలు పోస్తుంటే ఊపిరితిత్తులల్లకు పోయినయి. ఆయన పక్కన ఎవర్ని పడితే వాళ్లను నిలబెడితే నేనొప్ప.

పాలమూరు బిడ్డ:
అదే రాయి వద్దక్కా, పక్కన ఇంకోటి పెట్టమంటున్న. శిక్ష తీరినంక అక్కడే పెండ్లిళ్లు చేసుకొని ఉండిపోయినోళ్ల మనుమలు, మునిమనుమలు ఇయ్యాల్టికీ ఆ ఊర్లె ఉన్నరు. వాళ్ల పెద్దల కథ ఆ జైలుదే కద.

హుజూర్‌నగర్ అక్క:
నీ మాట ఆలోచించేదే. కానీ చిన్నపిల్ల సంగతిల నేను మారను. ఇంకో నాలుగేండ్లకు తోల్కపో, జైలు యాడికి పోతది?

దేవరకొండ సార్:
ఏడు రెక్కలల్ల మూడే మిగిలినయమ్మా. 1941 భూకంపానికి కొన్ని దెబ్బతిన్నయి, తర్వాత కూలగొట్టింది కూడ ఉంది. ఇప్పుడు ఆ జాగల గోవింద్ వల్లభ్ పంత్ దవాఖాన నడుస్తుంది. దవాఖాన అవసరమే, కానీ గోడలు పడ్డంక చూపియ్యనీకి ఏముంటది?

మూసీ ఒడ్డు:
వదినకు ఇదంత సదివి వినిపించిన. ఉరిగదికి, కొరడా బొమ్మ దగ్గరికి నా బిడ్డ రాదు. ఆ గంటసేపు వదినతోటి బయట చెట్టుకింద ఉంటది. గడియ, గది మాత్రం ఇద్దరూ చూస్తరు. రాత్రి జైల్ల దాని కథ చెప్పే లైట్ల షోకు పోవాల్నా వద్దా అనేది ఇంకా తెగలే.