తప్పు ముద్ర పడిన నాణేన్ని కడగవచ్చా, కడగకూడదా?

చిల్లరడబ్బా:
కిరాణా దుకాణంలో చిల్లరగా వచ్చిన ఒక పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ళ ఒక పక్కకు జరిగినట్టు కనిపిస్తోంది. రెండు లోహాలు కలిసే చోట నల్లని జిడ్డు పేరుకుని ఉన్నందువల్ల, అది టంకసాలలోనే జరిగిందా లేక తరువాత ఎవరైనా చేసిన పనా అన్నది తేలడం లేదు. చింతపండుతో తోమితే తెలిసిపోతుందని ఇంట్లో అంటున్నారు. నాణేలు సేకరించే మిత్రుడు మాత్రం నీళ్ళు కూడా తగలనివ్వవద్దని గట్టిగా చెప్పారు. ఎవరి మాట వినాలో కారణాలతో సహా చెప్పగలరు.

బొమ్మాబొరుసూ:
మీ మిత్రుడి మాటే వినండి. ఆ నాణెపు బయటి వలయంలో ఎక్కువ పాలు రాగి. చింతపండులోని పులుపు మురికిని మాత్రమే తీసి ఊరుకోదు, ఏళ్ళ తరబడి లోహం మీద ఏర్పడిన సహజమైన పొరను, దానితోపాటు పైలోహాన్ని కూడా కొంత తినేస్తుంది. పీతాంబరి పొడి, పళ్ళపేస్టు, వంటసోడా వంటివి ఇంకా హాని చేస్తాయి, ఎందుకంటే వాటిలోని రేణువులు గీసే సన్నని గీతలు భూతద్దంలో ఒకే దిశలో బారులు తీరి కనిపిస్తాయి. అలా తోమిన నాణేన్ని అనుభవమున్న కొనుగోలుదారు చూడగానే పక్కన పెడతాడు. పోయిన పొరను తిరిగి తెచ్చే ఉపాయం ఏదీ లేదు కనుక, అనుమానం ఉన్నప్పుడు ముట్టుకోకపోవడమే మేలు.

చర్లపల్లి చుక్క:
చింతపండు విషయంలో బొమ్మాబొరుసూ గారితో నాకు పేచీ లేదు. అయితే ‘ముట్టుకోవద్దు’ అనే సూత్రాన్ని ఎవరు ఎక్కువగా వాడుకుంటున్నారో కూడా చూడాలి. నాణేన్ని బెంచివైస్‌లో నొక్కి, అంచును ఆకురాయితో అరగదీసి, ఆ గుర్తుల మీద జిడ్డు పట్టించి, ‘అసలు స్థితిలో ఉంది, కడగలేదు’ అని అమ్మేవారికి ఈ సూత్రం పెద్ద అండ. హైదరాబాదు టంకసాల నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది, కోల్‌కతా నాణేనికి ఏ గుర్తూ ఉండదు. ఆ నక్షత్రం మీద మట్టి గట్టిపడితే చాలు, అది కోల్‌కతా నాణెమనో, గుర్తు పడని అరుదైన నాణెమనో పేరు మారిపోతుంది.

ఇక మీ నాణెం సంగతి. వలయాన్నీ నడిమి బిళ్ళనూ ఒకదానిలో ఒకటి ఉంచి, ఒకే దెబ్బతో ముద్ర వేస్తారు, ఆ ఒత్తిడితోనే రెండూ బిగుసుకుంటాయి. ముద్ర పడకముందే బిళ్ళ జరిగి ఉంటే, లోహాల హద్దు వంకర పోయినా బొమ్మ మాత్రం తన చోటనే ఉండి, హద్దు దాటే అంకె గాని గీత గాని రెండు లోహాల మీదా తెగకుండా సాగుతుంది. ముద్ర పడ్డాక ఎవరైనా బిళ్ళను ఊడదీసి మళ్ళీ కొట్టి ఉంటే, బిళ్ళతోపాటు దాని మీది బొమ్మ కూడా పక్కకు జరగడమో తిరగడమో జరుగుతుంది, వలయం లోపలి అంచున పనిముట్టు గీరిన గుర్తులు కూడా ఉండవచ్చు. మీరు చూడవలసిన చోటు సరిగ్గా ఆ జిడ్డు కిందే ఉంది.

జిడ్డును కరిగించేదీ లోహాన్ని ముట్టనిదీ స్వచ్ఛమైన అసిటోన్. గోళ్ళ రంగు తీసే ద్రవంలో వేరే పదార్థాలు కలుస్తాయి కనుక అది పనికిరాదు. గాజు గిన్నెలో నాణెం మునిగేలా పోసి, మూతపెట్టి కొన్ని గంటలు ఉంచండి. ప్లాస్టిక్ గిన్నెలు కొన్ని అందులో కరుగుతాయి. అది ఇట్టే అంటుకుంటుంది కనుక వంటగదిలో వద్దు, కిటికీలు తెరిచి ఉంచండి. తరువాత కొత్త అసిటోన్‌లో ఒకసారి ముంచి తీసి, మెత్తని గుడ్డ మీద పెట్టి దానంతట అదే ఆరనివ్వండి. గుడ్డతో తుడవవద్దు.

బొమ్మాబొరుసూ:
అసిటోన్‌కు నేను అడ్డు చెప్పను, కానీ కొత్తవారికి దాని హద్దు కూడా చెప్పాలి. అది జిడ్డును, జిగురును, నాణేలు దాచే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వదిలే పచ్చని జిగటను తీస్తుంది గాని, లోహమే మారి ఏర్పడిన చిలుమును తీయదు. అసిటోన్‌తో పోలేదని నిమ్మకాయ అందుకునేవారే ఎక్కువ. ఇంకో మాట, ఒకటి, రెండు రూపాయల స్టీలు నాణేల మీద కనిపించే సన్నని ఉబ్బెత్తు గీతలు చాలావరకు ముద్ర వేసే అచ్చు పగలడం వల్ల పడినవే. అవి నిజమైన లోపాలే అయినా వాటికి పెద్ద ధర రాదు. లక్షలు వస్తాయని చెప్పే ప్రకటనలను నమ్మవద్దు, పాత నాణేల కొనుగోలు పేరిట తన పేరు వాడుకుంటున్న మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

చిల్లరడబ్బా:
చర్లపల్లి చుక్క గారు చెప్పినట్టే చేశాను. జిడ్డు పోయాక చూస్తే, బిళ్ళ మీద ఉన్న అంకె భాగమూ వలయం మీద ఉన్న భాగమూ ఒకదానికొకటి కలవడం లేదు, ఒక చోట వలయం లోపలి అంచు నలిగి ఉంది. అంటే ఇది ఎవరో ఊడదీసి కొట్టినదే.

చర్లపల్లి చుక్క:
అవును, మీరు వర్ణించినదాన్ని బట్టి అది టంకసాల లోపం కాదు. నడిమి బిళ్ళ గట్టిగా ఉంటే మళ్ళీ ఖర్చు పెట్టేయండి.

బొమ్మాబొరుసూ:
ఇది నిజమైన లోపమే అయి, మీరు రేపు అమ్మదలిస్తే, అసిటోన్‌లో ముంచిన సంగతి కొనేవారికి చెబుతారా? చెప్పితీరాలని నా అభిప్రాయం.

చర్లపల్లి చుక్క:
ఏ జాడా మిగలని పనిని చెప్పడం అనవసరమని నేను అనుకుంటాను. అడిగితే మాత్రం దాచను.