బాత్రూంలో బేసిన్ కింద కప్‌బోర్డు: 710 ప్లైవుడ్డా, పీవీసీ బోర్డా?

కొత్తఫ్లాట్: హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాత్రూం 8 బై 5 అడుగులు. షవర్‌కి గాజు పార్టిషన్ లేదు. బేసిన్ కింద పాత ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే బోర్డు) డబ్బా అడుగున ఉబ్బి పెచ్చులు ఊడుతోంది. టైల్స్‌తో సహా అంతా తీసేసి 3 అడుగుల కప్‌బోర్డు, పైన గ్రానైట్, దాని మీద టేబుల్ టాప్ బేసిన్ పెట్టించాలని ఉంది. గోడ ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంట్ ఇటుకలు. కార్పెంటర్ 710 ప్లై (తడి తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్) అంటాడు, షాపువాళ్లు పీవీసీ అంటారు. ఎవరి మాట వినాలి?

వడ్రంగం: 710 తీసుకోండి అన్నా. కారణం ఒక్కటే, స్క్రూ పట్టు. పీవీసీ ఫోమ్ బోర్డు లోపలంతా గాలి బుడగలే. తలుపు రోజూ తీసి వేస్తుంటే కబ్జా (తలుపు తిరిగే హింజ్) స్క్రూ చుట్టూ పిండిలా రాలి వదులవుతుంది. ఒకసారి వదులైన రంధ్రంలో మళ్లీ స్క్రూ నిలవదు. ప్లైలో అయితే పుల్ల కొట్టి మళ్లీ బిగించుకోవచ్చు. పైగా 900 బై 500 గ్రానైట్ 20 ఎంఎం మందంలో దాదాపు 24 కిలోలు. దానికి బేసిన్ బరువు కలుపుకోండి. అంత బరువుని ఫోమ్ బోర్డు మీద మోపుతారా?

తడిగోడ: గ్లాసు అడ్డం లేని బాత్రూంలో ప్లై సలహా ఇవ్వడం నాకు మింగుడుపడదు. 710 మీద చేసే 72 గంటల ఉడకబెట్టే పరీక్ష జిగురు ఊడుతుందా లేదా అని చూడటానికి. చెక్క నీళ్లు తాగదని ఆ పరీక్ష చెప్పదు. షీటు మధ్యలో సాధారణంగా పాడవదు. పాడయ్యేది కోసిన అంచు దగ్గర, పైపు కోసం కొట్టిన రంధ్రం దగ్గర. రంధ్రం లోపలి అంచుకి ఎవరూ ఏమీ పూయరు. పైపు మీద పట్టిన తడి జారి అక్కడే చేరుతుంది, పొరలు నల్లబడతాయి, తర్వాత సన్‌మైకా లేస్తుంది. చెదల భయం కూడా పీవీసీకి లేదు.

సైట్‌పని: ఇద్దరూ గ్రానైట్ బరువు డబ్బా మీద పడుతుందనే లెక్కలో మాట్లాడుతున్నారు. పడకూడదు. ఎలాగూ టైల్స్ తీసేస్తున్నారు కాబట్టి టైల్స్ వేయకముందే గ్రానైట్‌ని 2 అంగుళాలు గోడలోకి దింపించి, కింద రెండు స్టీల్ ఎల్ యాంగిల్స్ పెట్టించండి. ఏఏసీలో మామూలు గిట్టీ (స్క్రూ కోసం గోడలో దింపే ప్లగ్) తిరిగిపోతుంది, బ్లాకు పొడిపొడి అవుతుంది. పొడవాటి నైలాన్ ఫ్రేమ్ ఫిక్సింగ్ గానీ కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి గట్టిపడేలా బిగించే బోల్టు) గానీ వాడాలి. ఏఏసీలో డ్రిల్‌ని కొట్టుకుంటూ తిప్పే హ్యామర్ మోడ్ అసలు వద్దు, రొటేషన్ మీదే డ్రిల్ చేయాలి. డ్రిల్ పెట్టే ముందు, ప్లాస్టరింగ్ కాకముందు గోడలోని సీపీవీసీ నీటి పైపులకి కొలత టేపు పట్టుకుని తీసిన ఫొటో దగ్గర ఉండాలి. రాయి ఇలా నిలబడ్డాక డబ్బా మోసేది సబ్బులు, టవళ్లు, తన బరువు అంతే.

ఎత్తు కూడా ముందే తేల్చుకోండి. బేసిన్ పై అంచు నేల నుంచి 33 అంగుళాలు ఉండాలంటే, 5 అంగుళాల గిన్నెకి రాయి పైభాగం 28 దగ్గరే రావాలి. డబ్బా అడుగు నేలకి 12 అంగుళాలు ఎత్తులో ఉంటే, లోపల మీకు మిగిలేది 15 చిల్లర. అందులోనే బాటిల్ ట్రాప్ (బేసిన్ కింద వాసన రాకుండా ఆపే నీటి బుడ్డి), రెండు యాంగిల్ కాక్‌లు (పైపు నీళ్లు ఆపే చిన్న కుళాయిలు). డ్రాయర్ల ఆశ వదులుకోండి, రెండు తలుపులు చాలు. కాళ్లు పెట్టి నేల మీద మాత్రం నిలబెట్టవద్దు. మీ పాత ఎండీఎఫ్ అడుగు నుంచే పోయింది కదా, నేల కడిగిన ప్రతిసారీ అక్కడ నీళ్లు నిలుస్తాయి.

వడ్రంగం: రాయిని గోడ మోస్తే డబ్బా వరకు పీవీసీకి ఒప్పుకుంటాను. తలుపులకి ఒప్పుకోను. పీవీసీ తలుపుకి ఒకవైపే మైకా అంటిస్తే వంగుతుంది, రెండు వైపులా వేయాలి. దానికి తెల్ల ఫెవికాల్ పనికిరాదు, ఆ బోర్డు నీటిని పీల్చదు కాబట్టి ఆరదు. రబ్బరు జిగురు రెండు ముఖాలకీ పూసి, చేతికి అంటకుండా ఆరాక అతికించాలి. ఇంత చేసే బదులు 710 తలుపుకి నాలుగు అంచులా 2 ఎంఎం ఎడ్జ్ బ్యాండ్ (అంచుని మూసే ప్లాస్టిక్ పట్టీ) వేస్తే తీరిపోతుంది. తలుపుకి పైపు రంధ్రాలు లేవు కదా.

తడిగోడ: తలుపుకి రంధ్రం లేదంటే ఎలా? 35 ఎంఎం కబ్జా గుంత రంధ్రం కాదా? అందులో మైకా ఉండదు, పచ్చి చెక్కే. ప్లై తలుపే వేస్తే ఆ గుంతకి రెండుసార్లు వార్నిష్ పూసి, ఆరాకే కబ్జా బిగించాలి. దీన్ని కార్పెంటర్‌కి విడిగా చెప్పి చేయించాలి.

కొత్తఫ్లాట్: కబ్జాలు స్టీల్‌వి తీసుకుంటే చాలా? వెనక షీటు ఉండాలా?

సైట్‌పని: 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. కానీ బోరు నీటి తెల్లమరకలకి వాడే యాసిడ్ సీసా ఆ డబ్బాలో పెట్టారా, 304 కూడా తుప్పు పడుతుంది. మూత బిగించినా ఆవిరి వస్తూనే ఉంటుంది. వెనక షీటు పూర్తిగా వద్దు. పైన, కింద 4 అంగుళాల పట్టీలు వేసి గోడకి బిగించి, మధ్య ఖాళీ వదలండి. యాంగిల్ కాక్ కారితే టైలు మీద కనిపిస్తుంది, పానా కూడా తిరుగుతుంది.

తడిగోడ: ఆ పట్టీలు కూడా పీవీసీవే వేయించండి. రాయికీ గోడకీ మధ్య సందులో న్యూట్రల్ సిలికాన్ (ఆరేటప్పుడు పుల్లటి యాసిడ్ వదలని సందు పూత) వేయాలి. పుల్లటి వాసన వచ్చే రకం కబ్జాల దగ్గర వద్దు.