కాన్ఫరెన్స్‌కి పిల్లల్ని పంపాలా, ఆ డబ్బుతో ఇక్కడే సభ పెట్టుకోవాలా?

గట్టు మీద (భీమవరం):

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. మన డెల్టా కోడర్ల గుంపుకి కాలేజీ పాత విద్యార్థులు కొందరు చందాలేసి కొంత డబ్బు పంపారు. చదువుకునే పిల్లలకి ఉపయోగపడాలి, అంతే వాళ్ళ షరతు. ఐదుగురిని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జరిగే పెద్ద డెవలపర్ కాన్ఫరెన్స్‌కి పంపుదామని కొందరు. అదే డబ్బుతో భీమవరంలోనో రాజమండ్రిలోనో మనమే ఒక రోజు సభ పెట్టి నూటయాభై మందిని కూర్చోబెడదామని ఇంకొందరు. వాట్సాప్‌లో ఎంత అరుచుకున్నా తేలలేదు, ఇక్కడ తేల్చుకుందామని వచ్చాం.

నాది రెండో పక్షం, దాపరికమేం లేదు. ఆ ప్రసంగాలన్నీ తర్వాత యూట్యూబ్‌లో పెట్టేస్తారు. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళ సభ పైకాన్ ఇండియా 2020లో మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిగింది, ఎవరి కొంపా మునగలేదు. టికెట్టు, రైలు, లాడ్జి, ఆటోలు కలిపితే ఒక్క కుర్రాడికయ్యే ఖర్చుతో ఇక్కడ ముప్పై మందికి భోజనం పెట్టొచ్చు. వెళ్ళొచ్చినవాళ్ళు పట్టుకొచ్చేదేంటయ్యా అంటే ఒక టీషర్టు, గుప్పెడు స్టిక్కర్లు, స్టేజీ ముందు సెల్ఫీ.

కాకినాడ కాజా:

స్టిక్కర్లని తక్కువ చెయ్యకండి గురూగారూ. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి మడతబందు ఎప్పుడో ఊడిపోయింది, ఇప్పుడు నిలబడింది వాటి బలం మీదే.

పాత పెర్ల్ (పాలకొల్లు):

గట్టు మీద గారూ, మీ లెక్కలో తప్పు లేదు గానీ లెక్కలోకి రావలసింది ఒకటి రాలేదు. ప్రసంగాలు వినడానికే అయితే రైలెక్కక్కర్లేదు, ఒప్పుకుంటాను. నేను బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ ఇలాంటివాటికి వెళ్ళేవాణ్ణి. హాల్లో కూర్చుని విన్నవాటిల్లో గుర్తున్నవి చాలా తక్కువ. టీ కప్పు పట్టుకుని నడవాలో నించుని విన్నవి ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఇదేదో నాకొక్కడికే తోచింది కాదు. 1980ల్లో హారిసన్ ఓవెన్ అనే అమెరికా ఆయన నానా తంటాలూ పడి ఒక పెద్ద సభ నడిపాడు. తీరా చూస్తే వచ్చినవాళ్ళకి నచ్చినవి కాఫీ విరామాలు! సరే, సభంతా కాఫీ విరామంలాగే నడుపుదామని ఆయన ‘ఓపెన్ స్పేస్’ అనే పద్ధతి మొదలెట్టాడు. ముందే వేసుకున్న కార్యక్రమం ఉండదు. దేని గురించి మాట్లాడాలనుందో కాయితం మీద రాసి గోడకి అంటిస్తారు, ఇష్టమున్నవాళ్ళు అక్కడ చేరతారు. అందులో ఒక సూత్రముంది: ఉన్నచోట నువ్వు నేర్చుకునేదీ లేక, నీ వల్ల వాళ్ళకి ఒరిగేదీ లేకపోతే లేచి ఇంకో చోటికి వెళ్ళిపో, ఎవరూ ఏమీ అనుకోరు. మన పెళ్ళిళ్ళకీ ఈ సూత్రం పెడితే బాగుండును. ఇవాళ చాలా డెవలపర్ సభల్లో ఒక మూల ఈ ఏర్పాటు ఉంటుంది. ప్రసంగాలయ్యాక స్ప్రింట్లు కూడా పెడతారు. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుని, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టినదాన్ని, చూసుకునే మనిషి పక్కనే కూర్చుని, మన పిల్లవాడి చేత మొదటి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి అనే విన్నపం) పెట్టిస్తాడు. అది యూట్యూబ్‌లో రాదు.

2020లో కొంప మునగలేదన్నారు. ప్రసంగాలు మునగలేదు. టీ విరామం మునిగింది.

ఇంత చెప్పి పంపేద్దామంటానా అంటే, ఊరికే పంపితే దండగే అంటాను. నడవాలో ముందే పరిచయమున్నవాళ్ళు గుండ్రంగా చేరిపోతారు. కొత్తవాడికి దూరే సందుండదు. దీనికి కొందరు నిర్వాహకులు ‘పాక్‌మ్యాన్ సూత్రం’ అని చెప్తుంటారు. ఆ పాత వీడియోగేములో బొమ్మ నోరు తెరుచుకున్నట్టు, ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి నించోవాలన్నమాట. చెప్పడానికి బాగుంది, పాటించేవాళ్ళు తక్కువ. మనవాళ్ళేమో గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటారు. భోజనాల దగ్గరైనా ఐదుగురూ ఒకే బల్ల చుట్టూ చేరి భీమవరం కబుర్లే చెప్పుకుంటారు. ఆ కబుర్లకి హైదరాబాద్ దాకా ఎందుకు?

లంకపిల్ల (ఊరు రాజోలు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్):

పెర్ల్ బాబాయ్ గారు చెప్పింది నిజం. కానీ మీరంతా మగపిల్లల్ని ఊహించుకుని మాట్లాడుతున్నారు.

ఆడపిల్లని పంపుతామంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ప్రసంగాల గురించి కాదు. రాత్రి ఎక్కడుంటుంది, సాయంత్రం పార్టీ అంటున్నారు అదేంటి, మందుంటుందా? కొన్నిచోట్ల ఉంటుంది. ఉన్నచోట తాగనివాళ్ళు కూల్‌డ్రింకు పట్టుకుని ఒక పక్క నించుంటారు. ఎవరూ బలవంతపెట్టరు గానీ, మాటలన్నీ ఆ బల్లల దగ్గరే సాగుతాయి. మా టీములో ఖాళీ ఉంది, రెజ్యూమె పంపు అనే మాట పగలు ఎవరూ అనరు, రాత్రి భోజనాల దగ్గర అంటారు. ఆ టైముకి మన పిల్లలు తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంటారు. అమలాపురం వైపు వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను ఇంకా పూర్తే కాలేదు, రాజమండ్రిలో దిగి మళ్ళీ బస్సెక్కాలి.

అయినా పంపాలనే అంటాను. ఇప్పుడు పేరున్న సభలన్నీ ప్రవర్తనా నియమావళి పెడుతున్నాయి. ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో పేర్లతో సహా ముందే చెప్తారు. ఫొటో వద్దనుకున్నవాళ్ళకి కొన్నిచోట్ల మెడలో వేసుకునే బ్యాడ్జీ తాడే వేరే రంగుది ఇస్తారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఆ తాడు చూపించే ఇంట్లో ఒప్పించింది. ఇద్దరమ్మాయిల్ని కలిపి పంపండి, ఒక్కదాన్ని వద్దు.

గట్టు మీద:

చూశారా, మీరు చెప్పేవన్నీ నా వైపే వస్తున్నాయి. నడవాలో సందు దొరకదు, సాయంత్రం ఉండలేరు, ఉద్యోగాల మాటొచ్చే వేళకి రైల్లో ఉంటారు. ఇంకెందుకు పంపడం? ఇక్కడ పెట్టుకుంటే ఈ బాధలేవీ లేవు, రాత్రికి ఎవరింటికి వాళ్ళు చేరతారు. పెద్ద కన్వెన్షన్ సెంటర్ ఉండాలని రూలేం లేదు. మొట్టమొదటి పైకాన్ ఇండియా 2009లో బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోనే జరిగింది. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ సభకి వేలమంది వస్తారు. టికెట్టు లేదు, పేరు నమోదు లేదు, యూనివర్సిటీ గదుల్లోనే కానిచ్చేస్తారు. వాళ్ళు చెయ్యగా లేనిది మనకెందుకు కుదరదు?

ఏరియేటర్ (ఆకివీడు):

నేను వెళ్ళొచ్చినవాణ్ణి, నా మాట వినండి.

మాకు రొయ్యల చెరువులు. వనామీ రకం రొయ్య వేసినవాళ్ళకి తెలుసు, భయమంతా తెల్లారగట్లే. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచూ రొయ్యలూ కలిసి అదే ఆక్సిజన్ పీల్చేస్తాయి. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్, అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది, పెట్టుబడంతా నీళ్ళపాలు. మా నాన్న గట్టు మీదే మంచమేసుకుని పడుకునేవాడు. అందుకని నేను ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి డీఓ కొలిచే ప్రోబు తగిలించి, రీడింగు పడిపోతే ఫోను మోగేలా చేశాను. చెరువు దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిగ్నల్ లేనప్పటి రీడింగులన్నీ గల్లంతయ్యేవి.

దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని కాన్ఫరెన్స్‌కి పట్టికెళ్ళాను. పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట కలవలేదు, పెర్ల్ గారు చెప్పిన గోడ దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం ఓపెన్ స్పేస్ బోర్డు మీద ‘రొయ్యల చెరువులో సెన్సార్లు’ అని కాయితం అంటించాను. వచ్చింది కొద్దిమందే. డీఓ తెల్లారగట్ల పడిపోతుందంటే వాళ్ళకి అదే పెద్ద వింత, ప్రశ్న మీద ప్రశ్న. అందులో ఒకాయన అపార్ట్‌మెంట్ల నీళ్ళ ట్యాంకులకి సెన్సార్లు పెట్టే పని చేస్తాడట. రీడింగు వచ్చినప్పుడల్లా పంపాలని చూడకు, టైముతో సహా బోర్డులోనే దాచుకో, సిగ్నల్ దొరకగానే ఒక్కసారిగా పంపు, ప్రమాదం గంట మాత్రం నెట్‌తో పనిలేకుండా చెరువు దగ్గరే మోగేలా పెట్టు అన్నాడు. ప్రోబుకి నాచు పట్టి రీడింగు తప్పడం గురించి నేనే ఆయనకి చెప్పాను. సిగ్గు అక్కడితో పోయింది.

ఈ ముక్క ఏ వీడియోలోనూ లేదండి. ఉన్నా ఏమని వెతకాలో నాకు తెలిసేది కాదు.

కాకినాడ కాజా:

అన్నా, నీ దగ్గర పెట్టె ఉంది. అదీ తేడా. కాలేజీవాళ్ళు మార్కులు చూసి ఎంపిక చేసే ఐదుగురిలో ఎవడి దగ్గరుంటుంది? వాళ్ళు నేరుగా స్పాన్సర్ల స్టాళ్ళకి పోతారు. ఉద్యోగమేమోనని బ్యాడ్జీ మీద క్యూఆర్ స్కాన్ చేయించుకుంటారు. ఆనక ఏడాది పొడుగునా ప్రకటనల మెయిళ్ళు చదువుకుంటారు.

రావులపాలెం బస్టాండ్:

ఇంగ్లీషు సంగతి ఎవరూ ఎత్తలేదు. మనవాళ్ళకి రాక కాదండి. అక్కడ నెరిసిన తలని కూడా పేరు పెట్టి పిలవాలి. మనవాడు చేతులు కట్టుకుని సార్ అంటాడు. సార్ అనగానే అవతలాయన పాఠం మొదలెడతాడు, వీడు తలూపుతాడు. అక్కడితో సరి.

లంకపిల్ల:

గట్టు మీద అన్నయ్యా, మీ సభ మీద నాకున్న అనుమానం చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మన కాలేజీల్లో టెక్ సభలు నేనూ చూశాను. తొమ్మిదిన్నరకి రమ్మంటారు. ముఖ్య అతిథి పదకొండుకి వస్తారు. జ్యోతి వెలిగిస్తారు, ప్రార్థనా గీతం, ప్రిన్సిపాల్ గారి మాటలు, కరస్పాండెంట్ గారి మాటలు, బొకేలు, శాలువాలు, జ్ఞాపికలు. కోడ్ గురించి మాట్లాడే మనిషి మైకు దగ్గరికొచ్చేసరికి భోజనాల వాసన వచ్చేస్తుంది. అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు. మధ్యలో లెక్చరర్లు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడ్డానికి. అక్కడ గోడ దగ్గర నించునే అవకాశం కూడా ఉండదు. మా హైదరాబాద్ పార్టీని తిట్టండి గానీ, ఆ పార్టీలో ఎవరి పక్కన నించోవాలో నాకు ఎవరూ చెప్పరు.

గట్టు మీద:

కోపమేముంది తల్లీ, ఆ శాలువాలు మోసినవాణ్ణే నేను. వేదికే లేకుండా పెడదాం. ఆదివారం పెడితే ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ లాంటి పెద్దలెవరూ రారు. కుర్చీలు వరసల్లో కాకుండా గుండ్రంగా వేద్దాం.

పాత పెర్ల్:

అలా అయితే నాదో సూచన. ముందు ఇక్కడి సభ పెట్టండి. అందులో ఎవరైనా లేచి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, పెద్ద సభల్లో లైట్నింగ్ టాక్ అంటారే, అలాగ. మాట్లాడినవాళ్ళలోంచే పంపండి, మార్కులు చూడొద్దు. ఒకసారి నోరు విప్పిన పిల్లకి అక్కడా నోరు వస్తుంది.

విషయం దొరకదని అనకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని ఆపేసిన తెలుగు అక్షరం గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఆ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, దాని వెనక దీర్ఘం. ఈ వరస మెసేజిలో వస్తే చాలు, యాప్ మూతపడిపోయేది. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ సరిచేసింది. ఒత్తులూ గుణింతాలూ స్క్రీను మీద ఎలా కూర్చుంటాయో బొమ్మగీసి చెప్తే బెంగళూరు హాలైనా నోరు తెరుచుకుని వింటుంది. మనవాళ్ళు కాకపోతే ఎవరు చెప్పాలది?

ఏరియేటర్:

సరైన మాట. చేతిలో పెట్టో, నోట్లో ప్రశ్నో లేనివాణ్ణి పంపొద్దు.

లంకపిల్ల:

ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఐదు నిమిషాలు మాట్లాడగలిగినవాళ్ళు ఎలాగో పైకొస్తారు. లేవలేక కూర్చున్న అమ్మాయికే ఆ నడవా కావాలి. ముగ్గుర్ని మీరు చెప్పినట్టే ఎంచుకోండి, మిగతా ఇద్దరికీ చీటీలు తియ్యండి.

కాకినాడ కాజా:

చీటీలో నా తమ్ముడి పేరొస్తే ల్యాప్‌టాప్ ఎవరిది పట్టుకెళ్ళాలి?

గట్టు మీద:

చీటీలకి నేను ఒప్పుకోను. డబ్బిచ్చినవాళ్ళు అడిగితే అదృష్టం బాగుండి వెళ్ళారని చెప్పమంటారా? ఇక్కడి సభకి అయ్యేది పోగా మిగిలినదాంతో ముగ్గుర్ని పంపుదాం, చాలు. వాళ్ళతో వెళ్ళే పెద్ద మనిషి ఎవరో చెప్పండి ముందు.

పాత పెర్ల్:

నేను వెళ్తాను, నా ఖర్చు నాదే. పగలు నలుగురికీ పరిచయం చేస్తాను, ఒకే బల్ల దగ్గర కూర్చోనివ్వను. సాయంత్రం పార్టీకి మాత్రం నన్ను లెక్కెయ్యకండి, తొమ్మిదింటికల్లా పడుకునేవాణ్ణి.

లంకపిల్ల:

హైదరాబాద్‌లో అయితే సాయంత్రం సంగతి నాకొదిలెయ్యండి బాబాయ్ గారూ. అమ్మాయిలు మా గదిలోనే ఉంటారు, తిరుగు టికెట్టు మర్నాటికి తియ్యండి. చీటీల మాట మాత్రం నేను వదల్లేదు, ఓటింగు పెట్టండి.