పాత ఔట్‌డోర్ వుడ్ ఫర్నేస్ ఉన్న ఇల్లు కొన్నాం, వాడుకోవాలా తీసేయాలా?

ఫింగర్‌లేక్స్_వంశీ
అందరికీ నమస్తే. న్యూయార్క్ స్టేట్‌లో ఇథాకా నుంచి అరగంట దూరంలో రెండెకరాల జాగాతో ఇల్లు కొన్నాం. గ్యాస్ లైన్ లేదు, ప్రొపేన్ ట్యాంకే. పెరట్లో పాత ఓనర్ పెట్టించిన ఔట్‌డోర్ వుడ్ ఫర్నేస్ ఉంది. చూడటానికి చిన్న రేకుల షెడ్డు, లోపల కట్టెలు మండే గది, దాని చుట్టూ నీళ్లు, ఆ వేడినీళ్లు భూమిలో పైపుల గుండా ఇంట్లోకి వచ్చి డక్ట్‌లో ఉన్న రేడియేటర్‌లోంచి తిరిగి వెళ్తాయి. 2006లో పెట్టించారట. పొగగొట్టం నేల నుంచి పది అడుగులు ఉంటుందేమో. పక్కింటి హద్దు 60 అడుగుల్లోనే ఉంది. వెనకాల పురుగు పట్టి చచ్చిపోయిన యాష్ చెట్లు బోలెడు, కట్టెలకి కరువు లేదు. ప్రొపేన్ బిల్లు చూస్తే భయం వేస్తోంది. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

నార్త్‌వుడ్స్_నాయుడు
తమ్ముడూ, కళ్లు మూసుకుని వాడుకో. నేను ఉత్తర విస్కాన్సిన్‌లో ఉంటాను, ఇంటికీ గ్యారేజీకీ స్నానాల నీళ్లకీ అన్నిటికీ ఇదే. కాకపోతే ముందు కొన్ని చూసుకోవాలి. ఒకటి నీళ్లు, అందరూ దాన్నే పట్టించుకోరు. ట్యాంక్ ఓపెన్ సిస్టమ్ కాబట్టి గాలి తగులుతుంది, తుప్పు నిరోధించే కెమికల్ కలిపి ఏడాదికి ఒక్కసారైనా శాంపిల్ టెస్ట్ చేయించాలి, పీహెచ్ తప్పిందంటే స్టీల్ లోపలినుంచి తినేస్తుంది, ఒకసారి చిల్లు పడితే వెల్డింగ్ చేయించినా పక్కనే ఇంకోటి పడుతుంది. రెండు, ఇంటినుంచి వెనక్కి వచ్చే నీళ్లు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ రానివ్వకు, వస్తే ఫైర్‌బాక్స్ గోడలకి చెమ్మ పట్టి బూడిదతో కలిసి యాసిడ్ అవుతుంది. మూడు, చలికాలం అయిపోగానే బూడిద మొత్తం గీకి తీసెయ్, వేసవంతా లోపల ఉంచితే తేమ లాగుతుంది. భూమిలో పైపు ఎలా ఉందో తెలియాలంటే మంచు పడ్డప్పుడు చూడు, ఫర్నేస్ నుంచి ఇంటిదాకా గీత గీసినట్టు మంచు కరిగిపోయి ఉంటే ఇన్సులేషన్ పోయినట్టే, నీ కట్టెలు గడ్డిని వేడి చేస్తున్నాయన్నమాట.

ఓరుగల్లు_పోరడు
అన్నా కరెంటు పోతే పంపు బంద్ అయితది కదా, నీళ్లు మసిలిపోతయ్. జనరేటర్ ఉందా లేదా సూస్కో ముందు.

హడ్సన్_శ్రీలత
వంశీ గారూ, 60 అడుగుల్లో హద్దు, పదడుగుల పొగగొట్టం, 2006 మోడల్. ఈ మూడూ చదివాక వాడుకోమని ఎవరైనా ఎలా చెప్తారో నాకు అర్థం కావట్లేదు. న్యూయార్క్‌లో 2011 నుంచి కొత్తగా పెట్టే ఇంటి సైజు యూనిట్‌కి పొగగొట్టం కనీసం 18 అడుగులు, పక్కవాళ్ల హద్దు నుంచి కనీసం 100 అడుగులు ఉండాలి. ఊరికే రాయలేదు ఆ రూల్. పాత మోడల్‌లో నీళ్లు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కగానే గాలి తలుపు మూసుకుపోతుంది, అప్పుడు కట్టె మండదు, రాజుకుంటూ గంటల తరబడి పొగ వదులుతుంది. ఇంట్లో వేడి చాలినకొద్దీ బయట పొగ ఎక్కువ.

నార్త్‌వుడ్స్_నాయుడు
మేడమ్, ఆ రూల్ కొత్తవాటికి. ఆయనది 2006. పొగగొట్టం పొడవు పాతవాళ్లకి వర్తించదు.

లెక్కల_మాస్టారు
పొగ సంగతి తర్వాత, అసలు డబ్బు మిగులుతుందా చూద్దాం. కట్టెల్ని కార్డ్‌లలో కొలుస్తారు, ఒక కార్డ్ అంటే 4x4x8 అడుగుల పేర్పు, 128 ఘనపుటడుగులు. బాగా ఎండిన యాష్ లేదా ఓక్ అయితే సుమారు 24 మిలియన్ బీటీయూ (బీటీయూ అంటే వేడికి కొలత). పాత యూనిట్ 40 శాతం ఇంటికి చేరుస్తుందనుకుందాం, 9.6 మిలియన్. ప్రొపేన్ గాలన్‌కి 91,500 బీటీయూ, మంచి ఫర్నేస్‌లో 87 వేలు వస్తాయి. అంటే ఒక కార్డ్ కట్టెలు దాదాపు 110 గాలన్ల ప్రొపేన్‌తో సమానం. పొగని కూడా మళ్లీ మండించే గ్యాసిఫికేషన్ మోడల్ 70 శాతం అనుకుంటే అదే కార్డ్ 190 గాలన్లు దాటుతుంది. 40 అని నేను పెట్టుకున్నది కూడా ఎండిన కట్టెకే, పచ్చిది వేస్తే ఇంకా పడిపోతుంది.

నార్త్‌వుడ్స్_నాయుడు
మాస్టారూ 40 ఎక్కడిది? నా ఇంట్లో అంత దారుణంగా లేదు.

లెక్కల_మాస్టారు
మీది ఏ మోడలో చెప్పండి ముందు.

టెక్సాస్_తాత
మాకు ఏసీ బిల్లు గొడవ, మీకు కట్టెల గొడవ. చదువుతున్నాను, కొనసాగించండి.

ఫింగర్‌లేక్స్_వంశీ
మాస్టారు గారూ థాంక్స్, ఈ లెక్క నాకు బాగా ఉపయోగపడింది. శ్రీలత గారూ, పొగగొట్టం 18 అడుగులకి పెంచేస్తే సరిపోతుందా?

హెచ్‌వ్యాక్_మూర్తి
పాత యూనిట్‌కి ఊరికే గొట్టం తగిలిస్తే కొత్త తలనొప్పి. రాజుకునే మంట నుంచి వచ్చే పొగ చల్లగా ఉంటుంది, పొడుగు గొట్టంలో ఇంకా చల్లారి క్రియోసోట్ తారులా పేరుకుంటుంది. పెంచితే ఇన్సులేటెడ్ గొట్టమే పెట్టాలి, మధ్యలో తీసి శుభ్రం చెయ్యాలి, తీగలతో నాలుగు వైపులా కట్టాలి. పేరుకున్నది అంటుకుంటే గొట్టమంతా మంటే.

నార్త్‌వుడ్స్_నాయుడు
నేనూ అదే అంటున్నా. 18 అడుగులు 18 అడుగులు అని మంత్రంలా చదివితే కాదు. చేతిలో పనిముట్టు పట్టుకున్నవాడికి తెలుస్తుంది. ఎండు కట్టె వెయ్యి, తేమ 20 శాతం లోపు ఉండాలి, ఇరవై డాలర్లకి మీటర్ దొరుకుతుంది. ఎంత అవసరమో అంతే వెయ్యి, అక్టోబర్‌లో నిండా నింపకు. చెత్త, ప్లైవుడ్, రంగేసిన చెక్క వెయ్యకు. సగం పొగ అక్కడే పోతుంది.

హడ్సన్_శ్రీలత
మిగతా సగం ఎవరు పీల్చాలి?

నార్త్‌వుడ్స్_నాయుడు
ఇలా మాట్లాడితే ఎలా మేడమ్. కార్లు పొగ వదలట్లేదా, పొలాల్లో ట్రాక్టర్లు వదలట్లేదా. సిటీనుంచి పల్లెకి వచ్చి ఇల్లు కొంటారు, కోడి కూసిందని ఒకరు, పేడ వాసనని ఒకరు, పొగని ఒకరు కంప్లైంట్. మా టౌన్‌షిప్‌లో ఇలాగే కొత్తగా వచ్చినవాళ్లు మీటింగ్‌లో లేచి అన్నీ బ్యాన్ చెయ్యమన్నారు. తరతరాలుగా కట్టెలతో బతికిన ముసలివాళ్లు అక్కడే కూర్చుని విన్నారు, ఒక్కరూ నోరెత్తలేదు. నాకు మండిపోయింది.

హడ్సన్_శ్రీలత
నేను సిటీనుంచి వచ్చినదాన్నే. అయితే ఏంటి? మా పక్కింటాయన ఫర్నేస్ మా అబ్బాయి బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా ఉండేది. లోయ ప్రాంతం, చలికాలం గాలి ఆడని రాత్రి పైన వెచ్చగాలి మూతలా పడి చల్లగాలి కిందే నిలిచిపోతుంది, పొగ పైకి లేవదు, నేలబారున వచ్చి మా ఇంటిని కమ్మేసేది. మా అబ్బాయికి ఆస్తమా. టేపులు అంటించాం, ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టాం, ఫిల్టర్ బూడిదరంగులోకి మారేది. మర్యాదగా వెళ్లి అడిగితే 'ఇది నా స్థలం' అన్నాడు. టౌన్ ఆఫీసుకి వెళ్తే పాత యూనిట్, రూల్ వర్తించదు అన్నారు. మీరు వంశీ గారికి పైన చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. చివరికి మేమే ఇల్లు అమ్ముకుని వచ్చేశాం. కొత్తగా కొన్నవాళ్లకి పొగ సంగతి చెప్పే అమ్మాం, అందుకే తక్కువ రేటుకి పోయింది.
పొగలో పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లూ అంతకన్నా సన్న ధూళి, ఉంటుందన్నది ఊరికే అనే మాట కాదు. ఏడాది సగటు పరిమితిని 2024లో ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, ఘనపు మీటరు గాలికి 12 నుంచి 9 మైక్రోగ్రాములకి తగ్గించింది, అంత సన్న ధూళి ఊపిరితిత్తుల్లో లోతుకి దిగుతుంది కాబట్టి. మా అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచి కట్టెల పొయ్యి దగ్గరే ఉంది. దీపం పథకంలో గ్యాస్ వచ్చేసరికి దగ్గు ఆమెలో ఉండిపోయింది. ఆ దగ్గు విని పెరిగినదాన్ని, నా కొడుకు దగ్గుతుంటే ఎదుటివాళ్ల బిల్లు తగ్గుతోంది కదా అని ఊరుకోలేను.

ఓరుగల్లు_పోరడు
అక్కా నిజం. మా అమ్మమ్మది గట్లనే.

కాలిఫోర్నియా_కిరణ్
బయటి గాలిలోంచి వేడి లాగే కరెంటు హీట్ పంప్ పెట్టుకుంటే అయిపోయే దానికి ఇంత ఎందుకు?

నార్త్‌వుడ్స్_నాయుడు
కిరణ్, మైనస్ 25లో కరెంటు పోయినప్పుడు హీట్ పంప్ సంగతి నాకు చెప్పు.
శ్రీలత గారూ, మీ అబ్బాయి విషయం విని బాధేసింది. కానీ నా వైపు కూడా వినండి. 2014 జనవరిలో మిడ్‌వెస్ట్‌లో ప్రొపేన్ దొరకలేదు, గాలన్ నాలుగు డాలర్లు దాటింది. నాకు అప్పుడే ఉద్యోగం పోయింది. మాకు సప్లై చేసేవాళ్లు ముందు డబ్బు కడితేనే లారీ పంపుతాం, అదీ సగం ట్యాంకే అన్నారు. పసిపిల్లతో వంటగదిలో ఓవెన్ తలుపు తీసి కూర్చున్నాం. ఆ వేసవిలోనే అప్పు చేసి ఫర్నేస్ పెట్టించాను. ఇప్పుడు నా అడవిలో నా కట్టె కొట్టుకుంటాను, ఎవడి లారీ కోసం ఎదురు చూడను. మీరంతా దీన్ని పొగ యంత్రంలా చూస్తున్నారు. నాకది ఇంకోడి కాళ్లు పట్టుకోకుండా నా పిల్లని వెచ్చగా పడుకోబెట్టే సాధనం. దాన్ని తీసెయ్యమని ఎవరన్నా చెప్తే నేను ఒప్పుకోను.

హడ్సన్_శ్రీలత
మిమ్మల్ని తీసెయ్యమని నేను ఎక్కడ అన్నాను? ఒక్కటి అడుగుతాను, మీ దగ్గర్లో పక్కిల్లు ఎంత దూరం?

నార్త్‌వుడ్స్_నాయుడు
అర మైలు. నలభై ఎకరాలు.

లెక్కల_మాస్టారు
మోడల్?

నార్త్‌వుడ్స్_నాయుడు
గ్యాసిఫికేషన్. పొగని రెండో గదిలో మళ్లీ మండిస్తుంది. మాస్టారూ దానికీ దీనికీ సంబంధం ఏంటి, కట్టె కట్టే కదా.

హడ్సన్_శ్రీలత
సంబంధం అంతా అదే. మీరు అర మైలు దూరంలో, పొగని మళ్లీ కాల్చే యంత్రంతో కూర్చుని, 60 అడుగుల్లో పక్కిల్లు ఉన్న మనిషికి 2006 యూనిట్ వాడుకోమంటున్నారు. మీ స్వేచ్ఛ మీ స్థలంలోనే పూర్తవుతోంది, ఎవరికీ పేచీ లేదు. ఆయన స్వేచ్ఛ పక్కవాళ్ల బెడ్‌రూమ్‌లోకి వెళ్తుంది. మీరు ఎంతసేపూ మీ బతుకుని సమర్థించుకుంటున్నారు. ఇక్కడ అడిగింది ఆయన ఇంటి గురించి.

నార్త్‌వుడ్స్_నాయుడు
అయితే డబ్బూ జాగా ఉన్నవాడికే కట్టె మండించే హక్కు అంటారు. నలభై ఎకరాలు లేనివాడు, కొత్త యూనిట్‌కి వేలకి వేలు పెట్టలేనివాడు ప్రొపేన్ వాడి కాళ్లు పట్టుకోవాలి. నేను ఒప్పుకోనిది అదీ. 2020 మే తర్వాత కొత్త ఈపీఏ లిమిట్ దాటిన యూనిట్ అమ్మడానికే లేదు, మంచిదే, కానీ రేటు ఎక్కడికి పోయిందో చూశారా? పాతది తీసెయ్యమని చెప్పేవాళ్లు కొత్తదానికి డబ్బెక్కడిదో కూడా చెప్పాలి.

హడ్సన్_శ్రీలత
ఆ మాట న్యాయమే. సాయం ప్రభుత్వం చెయ్యాలి. అప్పటిదాకా ఆ ఖర్చు పక్కింటి పిల్లాడి ఊపిరితిత్తుల మీద వెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను.

హెచ్‌వ్యాక్_మూర్తి
వంశీ, ఇంకొకటి. ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ యూనిట్ ఉన్నట్టు చెప్పావా? చెప్పకపోతే తర్వాత క్లెయిమ్‌లో ఇబ్బంది. మీ టౌన్‌కి సొంత రూల్ ఉందేమో కూడా కనుక్కో, స్టేట్ రూల్ కంటే గట్టిగా పెట్టినవి చాలా ఉన్నాయి.

ఫింగర్‌లేక్స్_వంశీ
నాయుడు గారూ, శ్రీలత గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ కూడా థ్రెడ్ మొత్తం చదివింది, నేను ఊర్లో లేనప్పుడు పొద్దున సాయంత్రం మంచులో వెళ్లి కట్టెలు వేసేది తానే కదా, నన్నెవరూ అడగలేదేంటి అంది. ఈ చలికాలం ప్రొపేన్‌తోనే వెళ్తాం, అటక మీద ఇన్సులేషన్ వేయిస్తున్నాం. యాష్ చెట్లు కొట్టించి చీల్చి పేర్పిస్తాను, అవి ఎండేలోపు చిన్న ఇండోర్ స్టవ్ సంగతి చూస్తాను. పక్కింటివాళ్లతో మాట్లాడి, పాత ఓనర్ ఉన్నప్పుడు పొగ ఎలా ఉండేదో అడుగుతాను.

నార్త్‌వుడ్స్_నాయుడు
అడిగితే ఎవరైనా వద్దనే అంటారు తమ్ముడూ.

హడ్సన్_శ్రీలత
అయినా అడగండి వంశీ గారూ. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

నార్త్‌వుడ్స్_నాయుడు
సరే, నీ ఇష్టం. కానీ వాడకపోయినా నీళ్లు అలాగే వదిలెయ్యకు. యాంటీఫ్రీజ్ కలపకుండా ఉంటే గడ్డకట్టి ట్యాంకూ పైపులూ రెండూ పగులుతాయి. నవంబర్ రాకముందే పూర్తిగా డ్రెయిన్ చెయ్యి, భూమిలో లైన్ కంప్రెసర్‌తో ఊదించు, రేడియేటర్‌లో మిగిలింది కూడా. పొగగొట్టానికి మూత పెట్టు, వాన పడితే లోపల తుప్పే. చెట్లు కొట్టిన కట్టె ఎవరికన్నా ఇస్తే 50 మైళ్లు దాటించకు, మీ స్టేట్‌లో పురుగు పాకకుండా ఆ రూల్ ఉంది.

ఫింగర్‌లేక్స్_వంశీ
డ్రెయిన్ వాల్వ్ వెనకవైపు కింద ఉంటుందా? తుప్పు పట్టి తిరగట్లేదు. ఫోటో పెడతాను.