6.1 సీజీపీఏ, చేతిలో నాలుగు సెమ్‌లు: 7 దాటిన వాళ్ళున్నారా? (చెన్నై)

తాంబరం_లోకల్:
అన్నలూ, అక్కలూ, మాది ఒంగోలు. ఇక్కడ ఈసీఈ చదువుతున్నా, అన్నా యూనివర్సిటీ 2021 రెగ్యులేషన్ (సిలబస్, మార్కుల రూల్స్). రెండో సెమ్‌లో నాన్నకు ఒంట్లో బాగోక నెల రోజులు ఊళ్ళోనే ఉండిపోయాను. అప్పుడు పడిన మార్కులు మళ్ళీ లేవలేదు. నాలుగు సెమ్‌లకు కలిపి సీజీపీఏ (పదికి సగటు గ్రేడ్ పాయింట్లు) 6.1, పైగా ఒక అరియర్ (తప్పి, మళ్ళీ రాయాల్సిన పేపర్). క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు 7 అడుగుతున్నాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

కోట్టూర్‌పురం:
తమ్ముడూ, ముందు కాగితం మీద లెక్క వెయ్యి. పాసైనవి 84 క్రెడిట్లు (సగటులో ఒక్కో సబ్జెక్టుకుండే బరువు), మిగిలినవి 80 అనుకుందాం. 84ని 6.1తో గుణిస్తే 512. మొత్తం 164కి 7 రావాలంటే 1148 కావాలి. అంటే మిగతా 80లో సగటున 7.95, దాదాపు ప్రతి పేపర్లో ‘ఏ’ గ్రేడ్ (8 పాయింట్లు). ఇప్పుడైతే అవుతుంది. ఇదే 6.1తో ఆరో సెమ్ కూడా దాటి, ఇంకా 40 క్రెడిట్లే మిగిలాయనుకో, వాటిలో 9.8 కావాలి.

అడయార్_అక్క:
లెక్క సరే గానీ, మా కాలేజీలో ప్లేస్‌మెంట్లు ఏడో సెమ్‌లోనే మొదలయ్యాయి, ఆరు సెమ్‌ల సగటే చూశారు. వచ్చే రెండు సెమ్‌లలో 8 తెచ్చుకున్నా అప్పటికి 6.7 దగ్గరే ఉంటావు. కాబట్టి 6.5 అడిగేవాళ్ళకు, అరియర్ లేకుండా రెడీగా ఉండు. 7 చివర్లో వస్తుంది, ఎనిమిదో సెమ్ ప్రాజెక్టుకే 10 క్రెడిట్లు.

అరియర్ సంగతి కూడా విను. యూ గ్రేడ్ (ఫెయిల్) వచ్చిన పేపర్ని సగటులో కలపరు. సి గ్రేడ్‌తో గట్టెక్కితే 5 పాయింట్లే కలిసి సీజీపీఏ ఇంకా తగ్గుతుంది. పాస్ మార్కుల కోసం చదవకు.

నాకు మూడో సెమ్‌లో ఒక పేపర్ పోయింది. జవాబు పత్రం ఫోటోకాపీకి అప్లై చేశాను (రిజల్ట్స్ వచ్చాక గడువు కొద్ది రోజులే, జాగ్రత్త). తెరిచి చూస్తే 13 మార్కుల ప్రశ్నకు రెండున్నర పేజీలు నింపాను, ఒక్క బొమ్మ లేదు. సర్క్యూట్ గీయకుండా దాని పనితీరంతా మాటల్లో రాశాను. వచ్చింది 4. ఆ రోజు నుంచి పెన్సిల్‌తో బొమ్మ వేశాకే పెన్ను తీసేదాన్ని. మళ్ళీ రాసినప్పుడు ‘ఏ’ గ్రేడ్ వచ్చింది.

కోట్టూర్‌పురం:
అక్క చెప్పింది నిజం, ప్లేస్‌మెంట్ల సంగతి నేను మర్చిపోయాను. ఇంకొకటి: థియరీలో ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) 40 శాతం, ల్యాబ్‌లో 60. రికార్డు ఎప్పటికప్పుడు రాసి సంతకం పెట్టించుకో. రూమ్‌లో చదువు సాగకపోతే అన్నా శతాబ్ది గ్రంథాలయానికి వచ్చెయ్, మన పుస్తకాలతో కూర్చునే హాలు ఉంది. నా చివరి రెండేళ్ళ ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి.

తాంబరం_లోకల్:
అక్కా, ఫోటోకాపీ సంగతి నాకెవరూ చెప్పలేదు, నా పేపర్‌కి గడువు దాటిపోయింది. అరియర్ ఫీజు రేపే కడతాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ శనివారం ఒంగోలు వెళ్ళి నాన్న పక్కన కూర్చుని ఈ లెక్కంతా చూపిస్తాను. అన్నా, వచ్చే ఆదివారం లైబ్రరీలో ఎన్నింటికి?

కోట్టూర్‌పురం:
తొమ్మిదికి గేటు దగ్గరుంటా. అరియర్ పేపర్ పుస్తకం తెచ్చుకో.